మిత్తి

అన్న పెట్టెల వచ్చిండు.
కాయితం మీద అరబ్బీల ఒక ముచ్చట,
ఇంగ్లీషుల గదే ముచ్చట:
గుండె ఆగింది.
లింబన్న గుండె ఎట్లాగుతది?
రెండు బస్తాల పసుపు
ఒక్క భుజాన ఎత్తినోడు.

తానం పోసేటప్పుడు వదిన చూసింది.
చెవి కింద రెండు గాట్లు,
రేగుముల్లు గీరినంత.
సున్నమేసిన గోడ లెక్క తెల్లగున్నడు.
వదిన ఏడ్వలే.
బీడీ ఆకు కత్తిరించే కత్తెర
చాటలకెల్లి తీసి నా చేతుల పెట్టింది.
"పో" అన్నది.
గంతే.

వీసా అప్పు నా పేరు మీదికి మారింది,
నూటికి మూడు.
అన్న జాగలనే నన్ను పంపిండు ఏజెంటు.
ముహర్రక్‌ల, పాత ముత్యాల బజారు ఎనుక,
ఒక పెద్దింటికి రాత్రి వాచ్‌మన్.
అన్న కూసున్న కుర్చే. అన్న పట్టిన టార్చిలైటే.
మీది అర్ర కిటికీలకు పగలూ రాత్రీ
చెక్కలు కొట్టి ఉన్నయి.

రెండో రాత్రి ఆమె గడప మీద నిలవడ్డది.
పేరు దానా.
సముద్రంల దొరికే ముత్యాలల్ల అన్నిటికన్న పెద్దది
అని చెప్పింది, వచ్చీరాని హిందీల.
నాకు నవ్వొచ్చింది.
"మా దిక్కు దాణా అంటే బర్లకు పెట్టేది."
ఆమె గూడ నవ్వింది.
గప్పుడు చూసిన, పండ్లు.

కత్తెర జేబులనే ఉన్నది.
చెయ్యి పోలే.
నెల దాటినా పోలే.
ఉప్పు గాలికి చొక్కా ఒంటికతుక్కునే ఊర్ల
సల్లటి చెయ్యొకటి దొరికితె ఎట్లుంటదో
మీకు చెప్పినా తెల్వదు.

"చంపనీకె వచ్చిన" అన్న ఒకనాడు.
"ఎరుకే" అన్నది.
"మీ అన్న గూడ నీ లెక్కనే నవ్వేటోడు."
గా మాటకు చంపాలె.
చంపలే.

నాయిన ముచ్చట ఆమెనే చెప్పింది.
నూరు ఎండకాలాల కింద పడవలకు పెద్ద.
ముత్యాలకు మునిగేటోళ్లకు ముందే పైసలిచ్చేటోడు,
మునిగినోడు తేలకపోతె
అప్పు తమ్మునికి.
ఒకనాడు నీళ్లల్ల ఆయన్నేందో కరిసింది.
గప్పటిసంది ఒకటే ఆకలి.
"లింబన్నను నువ్వే తీస్కపోయినవా మీదికి?"
చానసేపు టార్చిలైటు దిక్కు చూసింది.
"మా నాయిన" అన్నది.
గా రెండు ముక్కలల్ల
మా వదిన గొంతు ఇనవడ్డది నాకు.

పొద్దుగాల బాంగు కాకముందే మెట్లెక్కిన.
ముసలోడు ఎండిన ఈతకమ్మ లెక్క,
ఒళ్లె అప్పుల బుక్కు.
ఆఖరి పేజీల ఆఖరి పేరు అన్నది.
"తమ్మునివా?" అన్నడు.
"అయితె నీదే."

కత్తెర మొనతోని చెక్క సీలలు పెకిలిచ్చిన.
దారమంత ఎండ పడ్డది లోపల.
ఎనుకకెల్లి ఉరికొచ్చి
ముసలోని మీద బోర్లా పడ్డది దానా.
ఈపు పొగలేస్తున్నది.
నోరు మెదుపలే.

ఏడో తరగతిల
సారు బెత్తం లేపితె
లింబన్న నా మీద గిట్లనే పడ్డడు.

చెక్క మూసిన.
ఎండ పొయ్యేదాంక రెండు చేతులతోని
అదిమి పట్టుకొనే ఉన్న.

పొద్దు గూకినంక ఆమె బుక్కు తెచ్చింది.
అన్న పేరు మీద గీత గీసింది,
కింద తన పేరు రాసింది.
"ఇగ బాకీ నాది" అని
కొప్పు పక్కకు జరిపి మెడ వంచింది.
మెడ మీద నరం, సన్నటి బీడీ దారం.
"నూటికి మూడు" అన్న.
నా గొంతు నాకే ఎండిన బాయి లెక్క ఇనవడ్డది.

శుక్రారం వదిన ఫోన్ జేసింది.
"దొరికిండా?"
"దొరికిండు."
"మరి?"
"వసూల్ జేస్తున్న వదినా. మిత్తి వస్తున్నది."
అటు దిక్కు ఏం మాట లేదు.
తడి ఆకు సదురుతున్న చప్పుడు.
కొత్త కత్తెర కొనుక్కున్నట్టున్నది.

"పైలం. ఎండల తిరుగకు పోశెట్టీ" అన్నది.
"తిరుగుతలేను వదినా" అన్న.